కత్తి పట్టే కన్ను

గురుకుల కళాశాల హాస్టల్,
21 అక్టోబరు 2024

వెంకట్రాజం మామకు,

కావ్య రాస్తున్నది. మా హాస్టల్లో ఫోన్లు ఉండవని నీకు తెలుసు. ఆదివారం వరుసలో నిలబడితే అమ్మతో కాసేపు మాట్లాడనిస్తారు. అందులో సగం "తిన్నవా, జ్వరం తగ్గిందా" అనడానికే పోతుంది. నిన్న మాత్రం అమ్మ అవేమీ అడగకుండా నేరుగా నీ సంగతి చెప్పింది. నీ షాపులో గడ్డం గీస్తుంటే రమాకాంత్ సార్ చెవి కింద కత్తి తగిలిందట కదా. ఆయనకు రక్తం రాకముందే నీకు కళ్ళనీళ్ళు వచ్చాయట. సార్ తుడుచుకుని, "ఏంగాదు వెంకట్రాజం, మా ఇంట్ల దోమ ఇంతకన్న ఎక్కువ తాగుతది" అన్నారట. మంచి మనిషి.

రెండు కళ్ళకూ శుక్లం ముదిరిందని, ఆపరేషన్ చేసి లోపల లెన్సు పెట్టాలని డాక్టరు చెప్పాడని, ఏ లెన్సు కావాలో నువ్వే తేల్చుకోమన్నాడని కూడా అమ్మ చెప్పింది. నేను వెంటనే మా జువాలజీ దీప్తి మేడంను అడిగాను. మేడం బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. మామూలు లెన్సు ఒక్క దూరానికే పనిచేస్తుందట. రోడ్డు బాగా కనబడుతుంది కానీ పేపర్ చదవాలంటే కళ్ళద్దాలు పెట్టుకోవాలి. మల్టీఫోకల్ అని ఇంకొకటి ఉంది. దాని మీద ఒకదాని లోపల ఒకటిగా సన్నటి గుండ్రాలు ఉంటాయి. లోపలికి వచ్చే వెలుతురును అవి దగ్గరకు కొంత, మధ్యకు కొంత, దూరానికి కొంత పంచుతాయి. నాకు ఆ 'పంచడం' అనే మాట ఎంత నచ్చిందో! అమ్మ అందరి కంచాల్లోకి కూర సర్దినట్టు కళ్ళముందు కదిలింది.

మామా, నీ పని కూడా అంతే కదా. గడ్డం దగ్గర, అద్దం కొంచెం అవతల, రోడ్డు మీద పోయే గిరాకీ దూరం. పైగా వంగినప్పుడల్లా నీ కళ్ళద్దాలు జారి నురగలో పడతాయి. మల్టీఫోకలే పెట్టించుకో. నీకు ఎదురు చెప్పేంత పెద్దదాన్ని కాను, కానీ ఇది మాత్రం విను.

నీ మేనకోడలు,
కావ్య

తా.క. గడ్డం గీసే ముందు కత్తిని తోలు పట్టీ మీద అటూ ఇటూ లాగేవాడివి కదా, ఆ పనికి మనవాళ్ళు ఏమంటారు? కొత్త మాటలన్నీ పోగుచేస్తున్నాను.


సుబేదారి,
3 నవంబరు 2024

బిడ్డా కావ్యా,

నీ ఉత్తరం వచ్చింది మంగళవారం. షాపు బంద్. అత్తచేత రెండుసార్లు చదివించుకున్నాను. జవాబు మాత్రం నేనే రాస్తున్నాను. అక్షరాలు గీతల మీద నిలబడకపోతే నవ్వకు. నువ్వు అడిగిన పనిని మేం 'సాన పట్టుడు' అంటాం. ఇప్పుడన్నీ బ్లేడు ముక్కలే కాబట్టి ఆ మాట కూడా నాతోనే ముసలిదైంది.

నిన్న డాక్టరు దగ్గరకు పోయి మల్టీఫోకల్ అని నీ మాట చెప్పాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"ఏం పని చేస్తవ్?"

"కటింగ్ షాపు సార్."

"రాత్రిపూట బండి నడుపుతవా? రాత్రి బండ్లు నడిపేటోళ్ళకైతే నేను ఇది పెట్ట."

"నాకున్నది సైకిల్ సార్. అది గూడ పొద్దుగూకంగనే ఇంట్ల పంటది."

ఆయన నవ్వి రాసుకున్నాడు. ఖర్చు ఎక్కువే. ఆ సంగతి నాకూ అత్తకూ వదిలెయ్యి. ముందు కుడి కన్ను, తరువాత ఎడమ కన్ను.

నా తొందర ఎందుకో నీకు చెప్పాలి. నా బిడ్డ సుకన్య, నీ వదిన, దాని కొడుక్కి మాఘంలో పదకొండో నెల. మన ఇండ్లలో ఆడబిడ్డ తొలి బిడ్డకు పుట్టువెంట్రుకలు ఆమె తండ్రే తీయాలి. నీ తలకు మా నాన్న కత్తి పెట్టాడు. నువ్వు ఆయన బొటనవేలు కొరికావు. ఈ బుడ్డోడికి నేను పెట్టాలి. పాలంపేటలో మా వియ్యంకుడు మొగిలి బావ కూడా కత్తి పట్టిన మనిషే, ఊరి గడ్డాలన్నీ ఆయనవే. అయినా ఇది అమ్మ తండ్రి హక్కు. కానీ రమాకాంత్ సార్ చెవి దగ్గర తప్పిన చెయ్యి పసిపిల్లవాడి తల మీద తప్పితే? రాత్రి పడుకుంటే అదే కనబడుతున్నది. కన్ను వస్తేనే కత్తి పడతాను బిడ్డా. లేకపోతే నా అంతట నేనే పక్కకు జరుగుతాను.

సన్నటి చలి మొదలైంది. స్వెటర్ పంపమని అమ్మకు చెప్పాను.

మీ మామ,
వెంకట్రాజం


సుబేదారి,
1 డిసెంబరు 2024

బిడ్డా,

కుడి కన్ను అయిపోయింది! ఇది అత్త చదవకముందే నేను చదువుకుంటూ రాస్తున్నాను. అక్షరాలు చూడు, ఎట్లా నిలబడ్డాయో.

ఆపరేషన్ అనేంత పెద్ద పనేమీ కాదు. నేను ఒక తల కటింగ్ చేసేంతలో ఆయన ముగించాడు. కంటి మీద మూత తీసిన పొద్దున మొదట అత్తను చూశాను. "గంధం రంగు చీర పక్కన పెట్టి ఈ తెల్లది ఎప్పుడు కొన్నవ్?" అని అడిగాను.

"ఇది ఆ చీరనే. కొన్నది గూడ మీరే," అన్నది.

ఇన్నాళ్ళూ నా కంటి పొరే పసుపుగా ఉండి తెల్లటివన్నీ గంధంలో ముంచిందన్నమాట. గోడలు తెల్లగా ఉన్నాయి. పాలు తెల్లగా ఉన్నాయి. మీ అత్త జుట్టు కూడా బాగానే తెల్లగా ఉన్నది, ఆ మాట మాత్రం పైకి అనలేదు. పేపర్లో చివరి పేజీ చిన్న ప్రకటనలు చదివాను. రోడ్డు అవతలి మందుల షాపు బోర్డు కింద ఫోన్ నంబరుతో సహా చదివాను.

పది రోజుల తరువాత షాపుకు పోవచ్చన్నారు. వంగి చేసే పనులు మాత్రం నెలదాకా వద్దన్నారు. మొదటి రోజు రమాకాంత్ సారే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. దవడ కింద ఒక మూలన గడ్డం కుచ్చులాగా మిగిలి ఉన్నది.

"సార్, ఈ మూలకు గడ్డం ఇడిసిపెట్టింది ఎవడు?"

"ఇంకెవడు? నువ్వే. రెండేండ్ల సంది పెంచుతానవ్."

షాపంతా నవ్వింది. సార్‌కు నున్నగా గీసి పంపాను.

చలికాలం కదా, సాయంత్రాలు షాపు తీయడం లేదు. గిరాకీ ఉండదు. మిగతా అంతా మంచిగున్నది. చదువు మీద దృష్టి పెట్టు.

మీ మామ


హాస్టల్,
16 డిసెంబరు 2024

మామా!

నీ ఉత్తరం మా గదిలో అందరికీ చదివి వినిపించాను. గంధంలో ముంచిన పాలు అనగానే నా స్నేహితురాలు కీర్తన మంచం మీదనుంచి లేచి కూర్చుంది. దీప్తి మేడంకు కూడా చెప్పాను. మేడం నాకన్నా ఎక్కువ సంతోషపడ్డారు.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. ఇది పెళ్ళిళ్ళ కాలం. నీకు గిరాకీ సాయంత్రమే కదా ఎక్కువ? పెళ్ళికొడుకులు పొద్దున్నే వస్తున్నారా?

నిన్న ఆదివారం ఫోన్లో అమ్మ దొరకలేదు, అందుకని పాలంపేటకు, సుకన్య వదినకు చేశాను. బుడ్డోడు ఫోన్లో అరిచాడు. అదే మాట్లాడటం అనుకోవాలట. పుట్టువెంట్రుకలు మొగిలి మామయ్య తీస్తాడని వదిన చెప్పింది. మీ ఇద్దరూ కలిసి అనుకున్నారేమో. నీ హక్కును నువ్వే ఆయనకు ఇచ్చావంటే నాకు కళ్ళు చెమర్చాయి మామా. ఎంత పెద్ద మనసు నీది! నేనైతే ఇవ్వను.

స్వెటర్ అందింది. చేతులు పొడవు.

నీ కావ్య


సుబేదారి,
22 డిసెంబరు 2024

కావ్యా,

నేనెవరికీ ఏమీ ఇవ్వలేదు. నా బిడ్డ నాకు చెప్పలేదు. నీ ఉత్తరంలో చదివాను.

ఇప్పుడు నీకు నిజం చెబుతాను. సాయంత్రం షాపు తీయనిది గిరాకీ లేక కాదు. లైటు వేస్తే చూడలేకపోతున్నాను. అద్దం చుట్టూ బల్బులు, పైన ట్యూబ్‌లైట్, ఎదుట అద్దం, వెనకొక అద్దం. ప్రతి బల్బు చుట్టూ వెలుతురు గుండ్రాలు, గుండ్రాల చుట్టూ గుండ్రాలు. ఆ గుండ్రాల నడుమ గిరాకీ ముఖం ఎక్కడో ఉంటుంది. మొదటి సాయంత్రమే ఒకాయనకు సగం గడ్డం చేసి, కరెంటు పోయేటట్టున్నదని అబద్ధం చెప్పి రేపు రమ్మన్నాను. సగం గడ్డంతో పోయాడు పాపం.

లెన్సు జరిగిపోయింది బిడ్డా. పొద్దుటి పూట బాగానే ఉంటుంది, పొద్దుగూకితే జరుగుతుందేమో. చెకప్‌కు పోయినప్పుడు పొద్దున్నే కింది గీత దాకా చదివాను, డాక్టరు భుజం తట్టాడు. సాయంత్రం సంగతి నేను ఎత్తలేదు. ఎత్తితే మళ్ళీ కోస్తారు. ఈ సంగతి అత్తకు కూడా తెలియదు.

నువ్వు చెప్పినందుకే పెట్టించుకున్నానని అనుకోకు. నాకే కావాలనిపించింది. ఎడమ కంటికి మాత్రం వద్దని చెప్పేస్తాను.

సుకన్యకు ఎవరో చెప్పే ఉంటారు, మీ నాన్న సాయంత్రాలు షాపు మూస్తున్నాడని. చూపు లేని తండ్రి చేతికి కొడుకు తలను ఎవరిస్తారు? ఆమె తప్పు లేదు. కానీ ఆ రోజు నేను పాలంపేట పోను. బావ కత్తి పడితే పక్కన కూర్చుని చూసేంత మనసు నాకు లేదు.

బాగా చదువుకో.

మామ


హాస్టల్,
30 డిసెంబరు 2024

మామా,

నీ ఉత్తరం చదివి అన్నం తినలేదు. తిట్టకు, తరువాత తిన్నాను.

దీప్తి మేడం దగ్గరికి పరుగెత్తాను. ఆమె విని, "గుండ్రాలా? లైట్ల చుట్టూనా?" అని రెండుసార్లు అడిగారు. అవి ఈ లెన్సుతో చాలామందికి కనబడతాయట మామా. లెన్సు జరిగినందుకు కాదట. వెలుతురును పంచే ఆ గుండ్రాలే రాత్రిపూట బల్బు చుట్టూ తిరిగి కనబడతాయట. పంచడం గురించి నీకు అంత అందంగా రాశాను కదా, దానివల్ల ఇట్లాంటిది ఉంటుందని ఆలోచించనే లేదు. నాకు మంచి సగమే తెలిసింది, అదే నీకు చెప్పాను. అయితే మేడం ఇంకొక మాట కూడా అన్నారు. "నేను పాఠం చెప్పేదాన్ని, కంటి డాక్టర్ను కాను. మీ మామయ్య వెంటనే వెళ్ళి డాక్టరుకు చూపించాలి" అన్నారు.

అందుకని నిన్న నా ఫోన్ వంతు మొత్తం అత్తకు ఇచ్చాను. చెప్పేశాను మామా. అత్త "మంచిది బిడ్డా" అని పెట్టేసింది. ఆమె ఆ మాట అన్నదంటే ఏం జరుగుతుందో నీకు నాకన్నా బాగా తెలుసు.

నువ్వు కోపం చేసినా సరే. వదినతో మాట్లాడకుండా మాత్రం ఉండకు. ఆమె ఎందుకలా అన్నదో నువ్వు అడిగావా? నేను కూడా అడగలేదు. ఇద్దరం ఊహించుకున్నాం.

నీ కావ్య


సుబేదారి,
9 జనవరి 2025

నా బంగారు బిడ్డా,

పచ్చి మిరపకాయ బజ్జీలు తింటూ రాస్తున్నాను. కాగితం మీద నూనె మరకలు చూసి అర్థం చేసుకో, సంగతి మంచిదే.

నీ ఫోన్ పెట్టేసిన వెంటనే అత్త పాత సంచి భుజాన వేసుకున్నది. నేను పొద్దున పోదామన్నాను. "పొద్దున పోతే అన్ని మంచిగున్నయని చెప్పి వస్తరు. మీ సంగతి నాకు ఎర్కలేదా? పొద్దుగూకినంకనే పోదాం," అన్నది. నా తెలివిని ఇంతకాలం ఆమె ఎట్లా భరించిందో.

డాక్టరు గదిలో లైటు ఆర్పించి చిన్న టార్చి వెలిగించాడు.

"ఏం కనబడ్తాంది?"

"గుండ్రాలు సార్. నీళ్ళల్ల రాయి ఏసినట్టు."

నా కంట్లోకి గాజు పెట్టి చాలాసేపు చూశాడు. అంతసేపూ అత్త నా చొక్కా అంచు పట్టుకునే ఉన్నది.

"లెన్సు జాగలనే ఉన్నది. ఒక్క వెంట్రుకంత గూడ జరగలే. ఈ గుండ్రాలు లెన్సుతోటి వచ్చేటియే. నీ మెదడుకు ఇది కొత్త. జర టైం ఇస్తే వాటిని పట్టించుకునుడు మానేస్తది. రెండో కంట్ల గూడ ఇదే పడితే ఇంకింత జల్ది అలవాటైతది."

"మల్ల కోస్తరా సార్?"

"మంచిగున్నదాన్ని ఎందుకు కోస్త? ఎవరు చెప్పిండ్రు నీకు?"

"నేనే చెప్పుకున్న సార్."

అప్పుడు షాపులో లైట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో అడిగాడు. చెప్పేసరికి తల పట్టుకున్నాడు. "బండి నడపనన్నవ్ గని, బండి లైట్ల అసొంటియన్ని ముఖం ముంగట పెట్టుకోని నిలబడ్తనని చెప్పలేదేందయ్యా!" అని నవ్వాడు. నేనూ నవ్వాను. అత్త మాత్రం ఇంటికి వచ్చి బజ్జీలు తిన్నాకే నవ్వింది. వచ్చే దారిలో వీధి దీపాలన్నింటి చుట్టూ అవే గుండ్రాలు. కానీ ఏమీ అనిపించలేదు. ఉంటే ఉండనీ అనుకున్నాను.

మరునాడే అద్దం చుట్టూ ఉన్న బల్బులు పీకేశాను. ట్యూబ్‌లైట్‌ను కుర్చీ వెనక పైకి మార్పించి తెల్లటి మూత వేయించాను. వెనక అద్దం మీద గుడ్డ కప్పాను. ఇప్పుడు వెలుతురు గిరాకీ ముఖం మీద పడుతుంది, నా కళ్ళల్లో కాదు. సాయంత్రం షాపు తీశాను. మొదట వచ్చింది ఎవరనుకున్నావు? ఆ సగం గడ్డమాయన! "ఇయ్యాల కరెంటు ఉంటదా?" అని అడిగి మరీ కూర్చున్నాడు.

ఇక సుకన్య సంగతి. అత్త ఫోన్ చేసి ఏం చెప్పిందో, మూడోనాడు బిడ్డను ఎత్తుకుని దిగింది. గడప దాటకముందే మొదలుపెట్టింది.

"నాన్నా, నీ చెయ్యి మీద నాకు నమ్మకం లేదని ఎట్లనుకున్నవ్?"

"మీ మామ పేరు చెప్పినవట గద."

"చెప్పిన. వంగి చేసే పని నెల దాక వద్దన్నరా లేదా? రెండో కన్ను ఇంక కావాల్నా వద్దా? ముహూర్తం అడిగితె రేపే పెట్టుమంటవ్. కత్తి పడ్తవ్, వంగుతవ్, కన్ను కరాబ్ చేసుకుంటవ్. అందుకని అందరికి మా మామ పేరు చెప్పిన. నీ రెండో కన్ను మంచిగైనంక చెప్దామనుకున్న."

"మరి బావ ఒప్పుకున్నడా?"

దానికి అది నవ్వడం మొదలుపెట్టి ఆపలేదు. "ఒప్పుకునుడా? ఆయనకు నీకన్న మందం పొర ఉన్నది నాన్నా! మొన్న మా అత్త గడపల కూసుంటె గిరాకీ అనుకొని ఆమె మెడకు గుడ్డ కట్టవోయిండు. పేరు వాడుకుంట అంటే, 'వాడుకో బిడ్డా, కత్తి మాత్రం నాకియ్యకు' అన్నడు."

చూశావా? నేను ఎవరిమీద కుళ్ళుకున్నానో ఆయనకు నాకన్నా తక్కువ కనబడుతుంది. రాత్రి బావకు ఫోన్ చేశాను. "బావా, మీ బిడ్డ నన్ను దొంగ ముహూర్తంల ఇరికిచ్చింది. జల్ది నీ కన్ను బాగుచేసుకొని నన్ను ఇడిపియ్యి," అన్నాడు.

ఎడమ కంటికి ఈ నెల ఇరవైన రమ్మన్నారు. అదే లెన్సు. వెంట్రుకలు తీసేది మాఘం చివరి ఆదివారం.

నిన్ను కోపం చేద్దామనే మొదట కాగితం తీశాను. ఆ కాగితం మీదే ఇదంతా రాశాను.

మీ మామ


హాస్టల్,
27 జనవరి 2025

మామా,

నూనె మరకలు గదిలో అందరూ వాసన చూశారు. కీర్తన అయితే ఉత్తరాన్ని ఒక రోజంతా ఇవ్వలేదు.

ఎడమ కన్ను కూడా అయిందని అమ్మ చెప్పింది. చాలా తేలికగా అనిపించింది. 'తేలిక' ఎంత మంచి మాట మామా! బరువు తగ్గడానికీ, మనసుకు హాయి కలగడానికీ మనవాళ్ళు ఒకటే మాట పెట్టుకున్నారు. ఇన్నాళ్ళూ నీ కళ్ళు నా పుస్తకాల సంచిలో ఉన్నట్టు మోశాను.

ఆ ఆదివారం నాకు ప్రాక్టికల్స్ ముందురోజు. రానివ్వరు. ఏడ్చాను, అయిపోయింది. అందుకని ఆ రోజు జరిగినదంతా రాయాలి. ఎవరు ఏమన్నారు, వాడు ఎంత ఏడ్చాడు, ఏ కూర వండారు, అన్నీ. వాడు నీ వేలు కొరికితే అది కూడా.

నీ కావ్య


సుబేదారి,
25 ఫిబ్రవరి 2025

కావ్యా, బిడ్డా,

అడిగినవన్నీ రాస్తాను. వంకాయ, మాంసం, పప్పుచారు. మాంసం కొంచెం ఉడకలేదు, ఎవరూ అనలేదు.

ఆదివారం షాపు మూసి పోయాను. ఆదివారం మూయడం నాకు చేతకాదు, దారి పొడవునా గిరాకీలు ఫోన్ చేస్తూనే ఉన్నారు. డాక్టరు ముందే చూసి, ఇక వంగవచ్చన్నాడు. సాయంత్రం గుండ్రాలు ఇంకా ఉన్నాయి కానీ పలచబడ్డాయి. వెతికితేనే కనబడుతున్నాయి. నాకు వెతికే తీరిక లేదు.

పాలంపేటలో వాకిట్లో పీట వేశారు. సుకన్య బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది. చుట్టూ మొగిలి బావ అన్నదమ్ములు, వాళ్ళ కొడుకులు, మన వాళ్ళు. ఒక్కసారి ఆలోచించు, చూసేవాళ్ళంతా కత్తి పట్టినవాళ్ళే. గిరాకీల ముందు తప్పు జరిగితే కరెంటు మీద పెట్టొచ్చు. వీళ్ళకు ఏమని చెప్పను?

"ఎడమ దిక్కు సుడి ఉన్నది, పైలం," అని ఒకాయన.

"నీళ్ళు ఇంకింత పట్టియ్యి," అని ఇంకొకాయన.

"ఊకుండుండ్రిరా, ఆయనకు నేర్పుతాండ్రా?" అని బావ. ఆయన చూసింది మాత్రం నా వైపు కాదు, పందిరి గుంజ వైపు.

నీళ్ళు పట్టించగానే వాడు ఊరంతా వినబడేలా ఏడుపు అందుకున్నాడు. కత్తిలో కొత్త బ్లేడు పెట్టి వంగాను. మాడు మీద మెత్తటి చోటు ఉంటుంది కదా, అక్కడ వాడి నాడి కొట్టుకోవడం కనబడింది. ఎందరో పిల్లల తలలు చేశాను బిడ్డా. ఈమధ్య ఆ చోటును వేలితో తడిమి తెలుసుకుని పక్కనుంచి వస్తున్నాను. ఇప్పుడు కళ్ళతోనే చూశాను. చర్మం సన్నగా లేస్తూ, పడుతూ ఉన్నది. తల ఎత్తితే సుకన్య ముఖం. అది ఊపిరి బిగబట్టి లేదు. కొడుకును ఊరడిస్తూ ఎదురింటామెతో అన్నం సంగతి మాట్లాడుతున్నది. నా చేతి వైపు కూడా చూడటం లేదు. అది చూశాక కత్తి ఆనించాను.

నుదుటి నుంచి మొదలుపెట్టాను. సగం అయ్యేసరికి వాడు ఏడుపు ఆపి నిద్రపోయాడు. కొరకలేదు. సుడి దగ్గర తిప్పి గీశాను. చెవుల వెనక ఆఖరు. ఎక్కడా ఎర్రని చుక్క లేదు. చుట్టూ ఒక్కరూ మాట్లాడలేదు. మన పనివాళ్ళు మాట్లాడలేదంటే అది పొగడ్తే.

అప్పుడు సుకన్య అరచేత్తో వాడి తల నిమిరి, "నాన్నా, ఈడ ఒకటి మిగిలింది," అన్నది.

అందరూ ముందుకు వంగారు. మొగిలి బావ కూడా వంగి, "ఉన్నదో లేదో నాకైతే ఎర్కలేదు. సోమవారం నన్ను గూడ నీ డాక్టరు దగ్గరికి తీస్కపో బావా," అన్నాడు. వాకిలంతా ఒకటే నవ్వు.

నేను వేలు పెట్టి తడమలేదు. చూశాను.

"లేదు," అన్నాను.

"ఉన్నది నాన్నా, మంచిగ సూడు."

"లేదు బిడ్డా. నేను సూస్తాన గద."

అది నవ్వి, నిద్రపోతున్న బిడ్డను నా ఒళ్ళో పెట్టింది. వాడి తలకు గంధం రాశాను.

మీ మామ,
వెంకట్రాజం